రేణుక పెట్టిన స్టేటస్

పొద్దున్నే పాల ప్యాకెట్టు గుమ్మంలో పడకముందే, జానకి ఎలక్ట్రానిక్స్‌లో పనిచేసే ప్రతి ఒక్కరి వాట్సాప్ స్టేటస్‌లోనూ సోమేశ్వర్ సేటు చేతులు జోడించి నవ్వుతుండాలి. ఒకపక్క కూలరు, ఒకపక్క సేటు, మధ్యలో ఎర్రటి అక్షరాలతో 'వేసవి ధమాకా'. జనగామ దుకాణం మేనేజరైనా, మహబూబాబాద్‌లో ఫ్రిజ్‌లు మోసే రెడ్యా అయినా, భూపాలపల్లిలో వాషింగ్ మిషన్లు చూపించే రేణుక అయినా, ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు. సాయంత్రం ఆరింటికి ఆ స్టేటస్‌ను ఎంతమంది చూశారో కనబడేలా ఫోన్ తెరను ఫొటో తీసి పంపాలి. పంపనివాళ్లు ఆ రోజు పనికి రానట్టే లెక్క.

ఈ పద్ధతి పెట్టింది సేటు కూతురు వినీత. హైదరాబాద్‌లో ఎంబీఏ చదివి వచ్చి, మూడు ఊళ్ల దుకాణాల్లో అమ్మకాల ప్రచారమూ, ఉద్యోగుల పనితీరూ తనే చూసుకుంటోంది. మంచి పిల్లే. ఆ మాటకొస్తే ఆ ఇంట్లో పనివాళ్లందరి పేర్లూ గుర్తుండేది ఆమెకే. అన్న శ్రీకర్‌కు సరుకు గుర్తుంటుంది గానీ మనుషులు గుర్తుండరు. కాకపోతే వినీత కంప్యూటర్‌లో ఒక షీటు ఉంది. బాగా చేసినవాళ్లకు పచ్చ రంగు, మధ్యరకానికి పసుపు, వెనకబడ్డవాళ్లకు ఎరుపు. రోజూ ఆ రంగులు చూసీ చూసీ, రేణుక పేరు వినగానే ఆమెకు మొహం కన్నా ముందు ఎరుపే గుర్తొచ్చేది.

నిజానికి రేణుక అమ్మకం తక్కువేమీ కాదు. దుకాణానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, ఇంటి సంగతులు అడిగి, వాళ్లకు సరిపోయేదే చూపించే మనిషి. వచ్చిన చిక్కల్లా ఈ స్టేటస్ దగ్గరే. ఆమె పోస్టరును చూసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. వారం కింద వినీత ఫోన్ చేసింది.

"రేణుకా, నీ స్టేటస్ ఎవ్వరు చూస్తలేరు. గిట్లయితే సేల్స్‌ల ఉంచుడు కష్టమైతది. గోదాముకు మార్చాల్సొస్తది."

"చూస్త మేడం. నంబర్లు జమ చేస్తున్న."

"మనసు పెట్టు. నువ్వు చేస్తవ్, నాకు తెల్సు. మళ్లీ కలుద్దాం."

ఫోన్ పెట్టేముందు 'మళ్లీ కలుద్దాం' అనడం వినీతకు అలవాటు. ఏదో శిక్షణ తరగతిలో నేర్పారు. మాట మధ్యలో తెగిపోకుండా ఉంటుందట.

ఆ తర్వాతి శుక్రవారం వినీత మహబూబాబాద్‌ దుకాణంలో పని చూసుకుని, సాయంత్రం జనగామకు రైలెక్కింది. కిటికీ పక్క సీటు దొరికింది. ఫోన్ తీసి, మూడు ఊళ్ల నుంచి వచ్చిన ఫొటోలు ఒక్కొక్కటే చూసి షీటులో నింపుతోంది. రేణుక ఫొటో దగ్గర ఆగిపోయింది. చూసినవాళ్లు మూడొందలు దాటారు. తప్పుగా చూశానేమోనని మళ్లీ చూసింది. నిజమే. కింద పేర్ల వరుస, పైన ఆ అంకె. కంపెనీ మొత్తంలో అంతవరకూ ఎవరికీ అంత రాలేదు.

ఆమెకు ఎంత సంతోషమైందో చెప్పడం కష్టం. ఎరుపులో ఉన్న మనిషికి ఒక్క మంచిమాట చెప్తే పచ్చలోకి వచ్చింది. తను చదివిన చదువు పనికొచ్చింది. స్టేటస్‌లో ఉన్నదేమిటో తెరిచి చూడాలని తోచనే లేదు. పోస్టరు తను చేయించిందే కదా, అందులో కొత్తగా చూడ్డానికేముంది? కేసముద్రం దాటితే సిగ్నల్ పోతుందని తెలుసు కనుక గబగబా కంపెనీ గ్రూపులో పెట్టింది: 'ఈరోజు మన స్టార్ భూపాలపల్లి రేణుక! మనసు పెడితే ఎట్లుంటదో చూపించింది. అందరూ చప్పట్లు కొట్టండి.' పక్కన పూలగుత్తులు, చప్పట్ల బొమ్మలు. రేణుక పంపిన ఫొటో కూడా జత చేసింది. మెసేజ్ వెళ్లింది. సిగ్నల్ పోయింది. వినీత కిటికీలోంచి మిర్చి తోటలు చూస్తూ కూర్చుంది.

వరంగల్ స్టేషన్‌లో ఫోన్‌కు ప్రాణం వచ్చింది. గ్రూపు నిండా చప్పట్లే. మహబూబాబాద్ నుంచి రెడ్యా 'సూపర్ రేణుకక్క' అన్నాడు. జనగామ వాళ్లు వరసబెట్టి పూలు చల్లారు. భూపాలపల్లి నుంచి మాత్రం ఒక్కరూ ఒక్క మాటా అనలేదు. అన్నిటికీ కింద సన్నటి అక్షరాలతో ఒక వాక్యం ఉంది: రేణుక గ్రూపు నుంచి వెళ్లిపోయారు.

అప్పుడే భూపాలపల్లి మేనేజర్ రంజిత్ నుంచి ఫోన్ వచ్చింది.

"మేడం, గది జర తీసేయండ్రి."

"ఏది రంజిత్?"

"గా స్టార్ అని పెట్టింది. రేణుకక్క వాళ్ల అత్త పొద్దుగాల సచ్చిపోయింది మేడం. మేమంత మట్టికి వచ్చినం. మీకు ఇంటికి పోయినంక ఫోన్ చేసి చెప్పుదామనుకున్న. గామె పెట్టింది పోస్టర్ గాదు."

వినీత ఫోన్ పెట్టేసి, మొదటిసారి రేణుక స్టేటస్ తెరిచింది. చాయ్ బండి దగ్గర ఒక పెద్దామె, కొంగు నడుముకు చుట్టి, గిన్నెలోంచి చాయ్ పోస్తూ, ఫొటో తీస్తున్నవాళ్ల మీద ఉత్తుత్తి కోపం చూపిస్తోంది. కింద రెండు మాటలు: 'మా అత్తమ్మ అండాలు. ఇయ్యాల పొద్దుగాల పోయింది.'

మెసేజ్ తీసేసింది. తీసేసినట్టు ఒక గుర్తు అక్కడ మిగిలింది. దాని కింద చప్పట్లన్నీ అలాగే ఉన్నాయి. అవి ఎవరు పెట్టినవి వాళ్లే తీసుకోవాలి, వినీత చేతిలో లేదు. జనగామ వచ్చేదాకా ఆమె ఒక్కొక్కరికే ఫోన్ చేసి, ఏం జరిగిందో చెప్పి, తీసేయమని బతిమాలుకుంది. రేణుకకు కూడా చేసింది. ఆమె ఎత్తలేదు. ఎత్తనందుకు వినీత లోపల్లోపల ఊపిరి పీల్చుకుంది, ఎందుకంటే ఏం చెప్పాలో ఆమెకు తెలియదు.

ఇంట్లో అన్నాల దగ్గర సంగతి చెప్పింది. శ్రీకర్ పెరుగు కలుపుకుంటూ, "తెల్వక జరిగింది. సారీ అని ఒక మెసేజ్ పెట్టు, అయిపోతది" అన్నాడు.

"రంజిత్‌తోని ఖర్సులకు ఏమన్న పంపిద్దాం తియ్" అన్నాడు సేటు. ఆయనకు మోకాళ్ల నొప్పులు వచ్చినప్పటి నుంచి పలకరింపులన్నీ మేనేజర్ల చేతే చేయిస్తున్నాడు.

"నా చేతులతోని పెట్టిన బాపూ. నేనే పోత. ఆమె వచ్చినా రాకున్నా ఆమె ఇష్టం. గని గా మాట మీద ఆమె పోవద్దు."

చేతులు కడుక్కున్నాక తల్లి జానకి కూతురిని వంటింట్లోకి పిలిచి మెల్లగా చెప్పింది. "పొయ్యి అంటియ్యని ఇల్లు. మాట్లాడాలె మాట్లాడాలె అని ఆరాటపడకు. ఊకె కూసో. లేసేటప్పుడు మాత్రం అలవాటు కొద్ది పోయొస్త అనకు బిడ్డా. సావు ఇంట్ల గా మాట అనద్దు. సప్పుడు జేయకుంట లేసి రావాలె."

మర్నాడు వినీత బస్సులో బయల్దేరింది. కండక్టర్ ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ చింపి ఇచ్చాడు. హనుమకొండలో బస్సు మారి, పరకాల మీదుగా పోతున్నంతసేపూ ఆమె క్షమాపణ తయారుచేసుకుంటూనే ఉంది. ఒకటి మరీ ఆఫీసు మాటలా ఉంది. ఇంకొకటి మరీ పొడుగైంది. మూడోది బాగుందనిపించింది, దాన్ని నాలుగుసార్లు లోలోపల చెప్పుకుని కంఠస్థం చేసింది. చెల్పూరు కరెంటు ప్లాంటు పొగగొట్టాలు కనబడేసరికి ఆ మూడోది కూడా సగం మరిచిపోయింది.

రంజిత్ బండి మీద వచ్చి ఇంటిదాకా తీసుకెళ్లాడు. వాకిట్లో టెంటు వేసి ఉంది. ప్లాస్టిక్ కుర్చీల్లో మగవాళ్లు, లోపల చాప మీద ఆడవాళ్లు. ప్లాంటు గేటు దగ్గర ఉండాల్సిన చాయ్ బండిని తెచ్చి గోడ పక్కన నిలబెట్టారు. గ్లాసులు బోర్లించి ఉన్నాయి.

రేణుక భర్త ఐలేశ్ కుర్చీలోంచి లేచాడు. ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"మీరేనా మేడం, స్టార్ అని పెట్టింది?"

గొంతు పెంచలేదు. అరిచి ఉంటే వినీతకు కొంత తేలిగ్గా ఉండేది.

"నేనే అన్నా" అంది. తయారుచేసుకున్న వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

ఐలేశ్ కాసేపు ఆమెను చూశాడు. తర్వాత పక్కకు జరిగి దారిచ్చాడు. వినీత చెప్పులు విడిచి లోపలికి వెళ్లి, చాప చివర, గోడకు ఆనుకుని కూర్చుంది. తల్లి చెప్పినట్టు ఊరికే కూర్చోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. మీటింగుల్లో ఎవరైనా రెండు క్షణాలు మాట్లాడకపోతే తనే అందుకునే మనిషి. ఇక్కడ ఎవరూ ఏమీ అడగడం లేదు. ఒక ముసలామె అండాలు పేరు చెప్పి రాగం తీస్తుంటే మిగతావాళ్లు కొంగులతో కళ్లు ఒత్తుకుంటున్నారు. వినీతకు అండాలు ఎవరో తెలియదు. ఫొటోలో ఆ ఉత్తుత్తి కోపం మాత్రం గుర్తొచ్చి, తన కళ్లు కూడా నిండాయి.

చాలాసేపటికి రేణుక లేచి వచ్చి పక్కన కూర్చుంది. మొహం కడిగినట్టుంది, జుట్టు మాత్రం రేగిపోయి ఉంది.

"గంత దూరం నుంచి ఎందుకచ్చిన్రు మేడం?"

"నాకు తెల్వలే అక్కా." జీవితంలో మొదటిసారి రేణుకను అక్కా అని పిలిచింది, పిలిచిన సంగతి ఆమెకే తెలియలేదు. "నేను తెరిచి చూడలే. అంకె చూసిన, గంతే. తప్పు చేసిన."

"నేనే పంపిన గద. మీ ఒక్కరిదే ఎందుకైతది."

"ఎందుకు పంపినవక్కా? గట్లాంటి దినం."

రేణుక కొంగు అంచు వేలికి చుట్టుకుంటూ చెప్పింది. "ఆరింటికి పంపుడు మరిసిపోతనని ఫోన్ల అలారం పెట్టుకున్న. మట్టి అయినంక తానాలు చేసి వచ్చి కూసున్నం. అలారం మోగింది. అందరు నా దిక్కే చూసిన్రు. నాకు ఒక్కటే సమజైంది మేడం, పంపకపోతే రానట్టు రాసుకుంటరు, గోదాముకు ఏస్తరు అని. గా స్టేటస్ల ఏమున్నదో గూడ యాదికి లేదు. చేతులు వాటంతటవే పంపినయ్."

వినీత తల వంచుకుంది. తప్పు ఆ ఒక్క మెసేజ్‌లో ఉందనుకుని, దాన్ని మోసుకుని ఇంత దూరం వచ్చింది. అది అంతకుముందే, అలారం దగ్గరే, రోజూ ఆరింటికి ఈ మనిషి గుండెలో మోగుతూ ఉందని ఇప్పుడు అర్థమై సిగ్గుతో కుంచించుకుపోయింది. ఏడవకూడదనుకుంది. ఏడ్చింది. రేణుక అడ్డు చెప్పలేదు, ఆమె కూడా ఏడ్చింది. చావు ఇంట్లో ఏడుపుకు ఎవరూ కారణం అడగరు కనుక ఇద్దరినీ ఎవరూ కదిలించలేదు.

కొంచెం తేరుకున్నాక రేణుక ఫోన్ తీసింది. "మీరు ఎవ్వరు చూస్తలేరన్నరు గద. నిజమే. దినాం గా కూలర్ బొమ్మ చూసి చూసి అందరు నాది చూసుడే బంద్ చేసిన్రు. అత్తమ్మ ఒక్కతే చూసేది. పొద్దుగాల బండి కాడ పొయ్యి అంటించంగనే ఫోన్ తీసి, అందరికంటె ముందు చూసేది. చాయ్ తాగేటోళ్లకు గూడ చూపెట్టేది. మా కోడలు పెట్టింది, చూడకుంటే చాయ్ పొయ్య అని బెదిరిచ్చేది. ఆటోలోళ్ల నంబర్లన్ని గామెనే జమ చేసిచ్చింది నాకు."

ఆ మాటకు రేణుక పెదాలపై నవ్వొకటి వచ్చి, మధ్యలోనే ఆగిపోయింది.

"నిన్న మూడొందల మంది చూసిన్రు. ఊరంత చూసింది. పేర్లన్ని చదివిన మేడం, ఒక్కొక్కటి. అత్తమ్మ పేరు లేదు. స్టేటస్ పెట్టుడు మొదలువెట్టిన కాంచి గామె పేరు లేంది నిన్ననే."

వినీత ఆమె చేయి పట్టుకుంది.

"మీ పేరు కనవడ్డది" అంది రేణుక. "గిన్ని దినాలు మీ పోస్టర్ మీరు ఒక్కనాడు చూడలే. అత్తమ్మను చూసిన్రు. గందుకే లేసి మీ కాడికి వచ్చిన, లేకుంటే రాకపోదును."

రేపు మూడో దినం, పిట్టకు పిండం పెట్టాలని, ఎవరెవరు వస్తారని, ఆడవాళ్లు మెల్లగా అనుకుంటున్నారు. వినీత లేచే ముందు ఒక్క మాట చెప్పింది. "ఇగ పోస్టర్లు ఉండయి అక్కా. ఎవ్వరికి ఉండయి. అలారం తీసెయ్." రేణుక ఫోన్‌ను చాప మీద బోర్లించి పెట్టింది.

వాకిట్లో ఐలేశ్ చాయ్ బండి మీద చేయి ఆనించి నిలబడి ఉన్నాడు. "గామె దుకాన్లకు మళ్ల రాకపోవచ్చు మేడం. అమ్మ బండి నడిపేటోళ్లు గావాలె. గుండె గూడ విరిగింది" అన్నాడు. వినీత తలూపింది. నాలుక చివరిదాకా 'మళ్లీ కలుద్దాం' వచ్చింది. పళ్ల మధ్య నొక్కిపట్టి, ఎవరికీ ఏమీ చెప్పకుండా, చెప్పులు వేసుకుని రోడ్డెక్కింది. ఆమెకు అంతకన్నా బరువైన నడక అంతవరకూ తెలియదు. తిరిగి రమ్మని అడగడానికి వీల్లేదు, తిరిగి వస్తానని చెప్పడానికీ వీల్లేదు.

జనగామలో శ్రీకర్‌తో పెద్ద గొడవే అయింది. ఎండలు ముదిరే వేళ ప్రచారం ఆపడమేమిటని అతను రెండు రోజులు ముఖం మాడ్చుకు తిరిగాడు. "నాలుగు నెలల్నుంచి మన పోస్టర్లను మన చుట్టాలే చూస్తలేరు అన్నా. నేను చేయించిన పోస్టర్ నేనే చూడలే, జనం ఎందుకు చూస్తరు?" అంది వినీత. సేటు పేపరు చాటునుంచి, "నా మొహం తీసేస్తె మంచిదే, మస్తు లావుగ పడ్డది అండ్ల" అన్నాడు. గొడవ అక్కడితో చప్పబడింది.

గ్రూపులో వినీత తన పేరు మీదే రాసింది, తప్పు తనదని, స్టేటస్ నియమం ఇక లేదని. షీటును మాత్రం పూర్తిగా వదల్లేదు, లెక్కలు లేకుండా దుకాణం నడవదు మరి. రంగులు తీసేసింది. ఎవరి అమ్మకం తగ్గినా షీటులో గుర్తు పెట్టే ముందు వాళ్లకు ఫోన్ చేసి, ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని అడగడం మొదలుపెట్టింది. మొదట్లో అందరూ భయపడ్డారు. రెడ్యా అయితే, "మేడం, నన్ను తీసేస్తున్నరా?" అని నేరుగానే అడిగాడు.

రేణుక వరుస ఖాళీగానే ఉంది. దినాలు అయిపోయాయని రంజిత్ చెప్పాడు. సరళ అనే అమ్మాయి పనికోసం అడుగుతోందని, తీసుకోమంటారా అని కూడా అడిగాడు. "జర ఆగు" అంది వినీత. ఇంకో నాలుగు రోజులకు మళ్లీ అడిగాడు. మళ్లీ ఆగమంది. మూడోసారి అడగకముందే తనే భూపాలపల్లి వెళ్లింది. ఎండాకాలంలో ఎన్నాళ్లని ఒక మనిషిని తక్కువ పెట్టుకుని నడుపుతారు? సరళను చూసి, మాట్లాడి, రేపటి నుంచి రమ్మని చెప్పక తప్పదనుకుంది.

ఆమె వెళ్లేసరికి దుకాణంలో వాషింగ్ మిషన్ల దగ్గర ఒక కుటుంబం కూర్చుని నీళ్లు తాగుతోంది. వాళ్లతో రేణుక మాట్లాడుతోంది. ఒంటి మీద దుకాణం వాళ్లిచ్చిన అదే పాత నీలం కోటు. కొంచెం చిక్కింది. వినీతను చూసి తలూపి, మళ్లీ బేరంలో పడిపోయింది.

"పొద్దున వచ్చింది మేడం" అన్నాడు రంజిత్ గుసగుసగా. "చాయ్ బండి పొద్దుగాల ఐలేశన్న డ్యూటీకి పోయే ముందట చూసుకుంటడట. నాకు ఫోన్ చేయనియ్యలే. మేడంకు చెప్పకు, ఊకె పని చేసుకుంట అన్నది."

వినీత కౌంటర్ వెనక కుర్చీలో కూర్చుని పాత బిల్లులు చూస్తున్నట్టు నటించింది. పలకరిస్తే ఏమవుతుందో అని భయం వేసింది. ఒక్కరోజు చూసి పోవడానికి వచ్చిందేమో, పాత జీతం తీసుకుని వెళ్లిపోవడానికి వచ్చిందేమో. సాయంత్రం ఆరు దాటింది. ఎవరి ఫోనూ మోగలేదు. రేణుక గోడ గడియారం వైపు ఒకసారి చూసి, తల తిప్పుకుని, మిషన్ మీద దుమ్ము తుడిచింది.

దుకాణం మూసే వేళకు రేణుక కోటు మడిచి అల్మారాలో పెట్టింది, ఇంటికి తీసుకుపోలేదు. టిఫిన్ సంచి భుజానికి తగిలించుకుని, గుమ్మంలో చెప్పులు వేసుకుంది. వినీత కుర్చీలోంచి లేచి నిలబడింది. రేణుక వెనక్కి తిరిగి ఆమె కళ్లలోకి చూసింది.

"పోయొస్త మేడం" అంది.

వినీత గుమ్మందాకా వచ్చింది. "పోయి రా అక్కా" అంది.